మట్టికుండలో దస్తావేజు

గాజువాక చుట్టుపక్కల వడ్లపూడి, అగనంపూడి, పెదగంట్యాడ నిర్వాసిత కాలనీల్లో ఎన్నో ఇళ్లలో బీరువా అడుగున ఓ కార్డు భద్రంగా ఉంటుంది. ఉక్కు ఫ్యాక్టరీకి ఊరూ పొలమూ ఇచ్చిన కుటుంబమని చెప్పే ఆర్ కార్డు అది. 1971లో ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. అప్పటి పిల్లలు తాతలయ్యారు. ఉద్యోగం వస్తుందన్న ఆశతో దాచిన కార్డు మాత్రం ఇంకా అక్కడే ఉంది. నేల చేజారినా జనం కాగితాన్ని ఎందుకు వదలరు?

ఇలా కాగితం దాచిన కథే బైబిలు పాత నిబంధనలోని ఓ చిన్న ఊరిదీ. పేరు అనాతోతు. యెరూషలేముకు ఈశాన్యంగా నాలుగైదు కిలోమీటర్ల దూరం. యిర్మీయా ప్రవక్త సొంతూరు. ఆయన చేదు నిజాలు ఊరివాళ్లకు రుచించలేదు. నోరు మూయకపోతే చంపుతామని బెదిరించారు.

క్రీ.పూ. 587 ప్రాంతం. బబులోను సైన్యం యెరూషలేమును చుట్టుముట్టింది. నగరం పడిపోతుందని చెప్పినందుకు యిర్మీయా చెరలో ఉన్నాడు. అప్పుడు ఆయన తండ్రి తోబుట్టువు కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులోని తన పొలం కొనమన్నాడు. బయటంతా శత్రుసైన్యం. కొనేవాడేమో బందీ. బేరం చేసే సమయమేనా అది?

యిర్మీయా కొన్నాడు. 17 షెకెళ్లు, అంటే సుమారు 200 గ్రాముల వెండి, త్రాసులో తూచి ఇచ్చాడు. సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. దస్తావేజు రెండు ప్రతులు. ఒకటి ముద్ర వేసింది, మరొకటి తెరిచి ఉంచింది. రెండూ చాలాకాలం చెడకుండా మట్టికుండలో పెట్టమని లేఖకుడు బారూకుకు అప్పగించాడు. మట్టిపాత్ర తక్కువదేం కాదు. 1947లో మృతసముద్రం దగ్గరి కుమ్రాను గుహలో దొరికిన తోలు గ్రంథాలు జాడీల్లోనే రెండు వేల ఏళ్లు నిలిచాయి.

ఆ కొనుగోలులో లాభాపేక్ష లేదు. ఈ నేల మీద మళ్లీ ఇళ్లూ పొలాలూ కొంటారని చెప్పడమే యిర్మీయా ఉద్దేశం. నగరం కూలింది. జనాన్ని బబులోనుకు తీసుకుపోయారు. సుమారు యాభై ఏళ్ల తర్వాత తిరిగొచ్చినవాళ్ల లెక్క ఎజ్రా గ్రంథంలో ఉంది. అనాతోతు వాళ్లు 128 మంది. పొలం కొన్న యిర్మీయా వాళ్లలో లేడు. చివరి రోజుల్లో ఆయన్ను ఐగుప్తుకు తీసుకుపోయారు. ఊరి పేరు మాత్రం ‘అనాటా’ అనే పాలస్తీనా ఊరిలో ఈనాటికీ వినిపిస్తుంది.

అనాతోతు వాళ్లకు నేల మళ్లీ దక్కింది. గాజువాక పొలాల్లో ఇప్పుడు కొలుములున్నాయి, అవి తిరిగి పొలాలు కావు. ఆర్ కార్డు దాచుకున్నవాళ్లకూ ఆ సంగతి తెలుసు. వాళ్లు దాచింది పొలం కాదు, పొలం తీసుకున్నప్పుడు ఇచ్చిన మాట.