నాయకుణ్ణి నిలదీసేవాడు ఏడీ?

ఉప్పునుంతలలో పెళ్లి బారాత్ కదిలిందంటే డీజే బండి ముందు పదేళ్ల పిల్లలు కూడా ఒక భుజం పైకెత్తి, చేతి వెనకవైపు గడ్డం కింద రాసుకుంటూ నడుస్తారు. 2021 డిసెంబరులో ‘పుష్ప’ సినిమా వచ్చినప్పటి నుంచీ చూస్తున్నదే. దొంగ ఎర్రచందనం దుంగలు అమ్ముకునేవాణ్ణి పిల్లలు దేవుణ్ణి చేసేస్తున్నారని పెద్దల్లో కొందరి బెంగ. నాకా బెంగ లేదు. కథ ఎవడి వెంట పోతే మనసూ వాడి వెంటే పోతుంది, అది ఎవరి తరమూ కాదు. నాకు ఎక్కడ గుచ్చుకుంటుందంటే, 2015 ఏప్రిల్ 7న, ఆ కథ నడిచే శేషాచలం అడవుల్లోనే పోలీసు కాల్పులకు 20 మంది చనిపోయారు. దాదాపు అందరూ తమిళనాడు నుంచి వచ్చిన కూలీలు. కూలీగా మొదలై సిండికేటును ఏలేవాడికి ఈలలు వేస్తున్నప్పుడు వాళ్లు ఎవరికీ గుర్తురారు. గుర్తుచేసే మనిషి తెర మీద ఉండడు.

ఇలాంటి చిక్కే జర్మన్ నాటకకర్త బ్రెక్ట్‌కు వచ్చింది. హిట్లర్ నుంచి తప్పించుకుని స్వీడన్‌లో తలదాచుకున్నప్పుడు, 1939లో ‘మదర్ కరేజ్’ రాశాడు. పదిహేడో శతాబ్దంలో యూరప్‌ను ముప్పై ఏళ్లు కాల్చిన యుద్ధంలో సైన్యాల వెనక బండి లాక్కుంటూ సరుకులు అమ్ముకునే ఆడమనిషి కథ. యుద్ధం నడిస్తేనే ఆమెకు బేరం. ముగ్గురు పిల్లలూ ఆ యుద్ధానికే బలైపోతారు. రెండో కొడుకును విడిపించుకోవడానికి లంచం దగ్గర బేరమాడుతూ కూర్చుంటుంది, ఈలోపు అక్కడ వాణ్ణి కాల్చేస్తారు. 1941 ఏప్రిల్‌లో జ్యూరిక్‌లో ఈ నాటకం ఆడితే జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. కష్టాలన్నీ ఓర్చిన తల్లి అని పత్రికలు చేతులెత్తి మొక్కాయి. యుద్ధంతో వ్యాపారం చేసే చిన్నవాళ్లకు చివరికి చిప్పే మిగులుతుందని చెప్పబోయిన రచయితకు అది మింగుడుపడలేదు.

1949 జనవరిలో బెర్లిన్‌లో ఆడేటప్పుడు ఆమెను కావాలనే కటువుగా మార్చాడు. గాయపడ్డవాళ్లకు కట్లు కట్టడానికి జ్యూరిక్‌లో తన సరుకులోని చొక్కాలు తానే చింపి ఇచ్చిన మనిషి, బెర్లిన్‌లో ససేమిరా ఇవ్వనంటుంది. అవి ఆఫీసర్ల చొక్కాలు, మంచి ధర పలుకుతాయి. మూగ కూతురు తల్లి మీదికే కర్ర ఎత్తుతుంది. తల్లి వేషం వేసింది బ్రెక్ట్ భార్య హెలెనె వైగెల్. చివర్లో ఆ కూతురి శవాన్ని పూడ్చమని రైతులకు డబ్బిస్తూ తల్లి తోలుసంచిలోంచి నాణేలు తీస్తుంది. చూసుకుంటుంది. ఒకటి మళ్లీ సంచిలో వేసేసుకుని, మిగతావి ఇస్తుంది. నాయిక మీద ఇంతకన్నా చల్లటి చూపు ఇంకెవరు చూడగలరు? అయినా బెర్లిన్ జనమూ ఏడ్చారు. కనీసం చివర్లోనైనా ఆమెకు బుద్ధి రావద్దా అని సాటి నాటకకర్త ఫ్రీడ్రిష్ వోల్ఫ్ అడిగాడు. చూసేవాళ్లకు వస్తే చాలన్నది బ్రెక్ట్ జవాబు. వచ్చిందా అంటే, ఏడుపు చూస్తే అలా అనిపించదు.

అంటే నాయకుణ్ణి చెడ్డగా చూపించినంత మాత్రాన చాలదు. అతని పక్కన ఎవరున్నారన్నది చూడాలి. మన భాగోతంలో రాజు ఎంత పెద్దవాడైనా తిన్నగా వచ్చి కూర్చోడు. ఇద్దరు మనుషులు తెర పట్టుకుంటే దాని వెనక గజ్జెలు కొట్టి, పైన కిరీటం మాత్రం చూపించి ఊరిస్తాడు. తెర తీశాక హాస్యగాడు అడ్డం వస్తాడు. నువ్వెవరివి, ఏ ఊరు, ఏం పని మీద వచ్చావంటాడు. మూడు లోకాలు గెలిచానని రావణుడు చెప్పుకుంటుంటే ఆ మాటనే వంకరగా తిప్పి అప్పజెప్తాడు. తోలుబొమ్మలాటలో ఆ పని కేతిగాడిది, బంగారక్కది. పిల్లలు ఇంటికి పోయి రావణుడిలాగే తొడ కొడతారు, నేను కాదనను. కానీ రావణుడు చేసింది న్యాయమని ఎవరూ అనరు. అంతా తెలిసిన కథ కావడం ఒక కారణం, నిజమే. హాస్యగాడు మాత్రం తక్కువ కారణమా? 1935లో మాస్కోలో చైనా నటుడు మెయ్ లాన్‌ఫాంగ్ ఆట చూసి, నటుడు పాత్రకు కాస్త ఎడంగా నిలబడే తీరుకు అబ్బురపడి బ్రెక్ట్ వ్యాసమే రాశాడు. అచ్చంపేట వైపు వచ్చి ఒక రాత్రి భాగోతం చూసి ఉంటే ఇంకో వ్యాసం రాసేవాడేమో.

సినిమా హీరో పక్కనా ఒక నవ్వించేవాడు ఉంటాడు. కాకపోతే అతని డ్యూటీ మారింది. ఇప్పుడు అతను హీరోకు ఎలివేషన్ ఇవ్వాలి. పుష్ప పక్కన కేశవ, అర్జున్ రెడ్డి పక్కన శివ ఎంత బాగా నవ్వించినా చివరికి హీరో వైపే. 2017 ఆగస్టులో ‘అర్జున్ రెడ్డి’ వచ్చినప్పుడు కాంగ్రెస్ నాయకుడు వి.హనుమంతరావు బస్సు మీది ముద్దు పోస్టరు చింపేశారు. గొడవంతా పోస్టరు చుట్టూ తిరిగింది. సినిమాలో నాయిక ప్రీతిని అడగకుండానే హీరో ముద్దు పెట్టాడన్న సంగతి మాత్రం పోస్టరు కింద పడిపోయింది.

నాయకుణ్ణి నిలదీసే పని గురజాడ ఎలా చేశాడో చూడండి. ‘కన్యాశుల్కం’లో మాటకారి గిరీశమే. 1955 సినిమాలో ఆ వేషం ఎన్టీఆర్ వేశారు. వెంకటేశం లాంటి శిష్యుడు నోరు తెరుచుకుని వింటాడు, మనమూ వింటాం. అయినా ఎవణ్ణైనా గిరీశం అన్నామంటే పొగిడినట్టు కాదు, కోతలు కోసే మోసగాడని అన్నట్టు. ఎందుకంటే అదే నాటకంలో గిరీశం కన్నా చురుకైన నోరు ఇంకొకటి ఉంది. 1909 నాటి రెండో కూర్పులో వేశ్యల మొహం చూడనని పట్టుపట్టిన వకీలు సౌజన్యారావు ఇంటికి వేశ్య మధురవాణి మగవేషంలో వెళ్లి, ఆయనతో వాదించి, గిరీశం గుట్టు బయటపెట్టి వస్తుంది. ‘అర్జున్ రెడ్డి’లో ఆ నోరు ప్రీతికి ఉండాల్సింది. సినిమా మూడు గంటలు నడుస్తుంది, ఆమెకు ఇచ్చిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.