రాత్రితో కాదు, నిద్రతోనే పని

నిద్రపోతున్న మనిషి ఉన్నట్టుండి చేతులూ కాళ్లూ విసిరికొడతాడు, మెలికలు తిరుగుతాడు, ఒక్కోసారి కేక పెడతాడు. రెండు నిమిషాలలోపే అంతా సద్దుమణుగుతుంది. అదే రాత్రి మళ్లీ వస్తుంది. 1981లో ఇటలీలోని బొలోన్యాలో లుగరేసి, చిరిన్యోట్టా అనే వైద్యులు ఇలాంటి అయిదుగురి గురించి రాశారు. మెదడు విద్యుత్ తరంగాలను చూసే ఈఈజీ పరీక్షలో మూర్ఛ జాడ లేకపోవడంతో దాన్ని కదలికల జబ్బు అనుకున్నారు. 1990 దశకానికి అది మూర్ఛేనని తేలింది. 'నాక్టర్నల్ ఫ్రంటల్ లోబ్ ఎపిలెప్సీ' అని పేరు పెట్టారు. అంటే రాత్రిపూట, మెదడు ముందుభాగంలో పుట్టే మూర్ఛ.

ఆ పేరులో రెండు పొరపాట్లున్నాయి. ఈ మూర్ఛకు గడియారంతో పనిలేదు. నైట్ షిఫ్టు చేసొచ్చి పగలు పడుకున్నవాళ్లకు పగలే వస్తుంది. పుట్టేది ముందుభాగంలోనే అనీ లేదు. మెదడులోనే టెంపొరల్ లోబ్, ఇన్సులా వంటి చోట్ల నుంచీ రావచ్చు. మూర్ఛ పుట్టే చోటును తీసేసే ఆపరేషన్ దాకా వెళ్లిన రోగికి ఈ తేడా ఎంతో కీలకం.

2014లో నిపుణులు బొలోన్యాలోనే కూర్చుని పేరు మార్చారు, 2016లో అది అచ్చయింది: 'స్లీప్ రిలేటెడ్ హైపర్‌మోటార్ ఎపిలెప్సీ'. నిద్రలో వచ్చేది, ఒళ్లు విపరీతంగా కదిలేది. పక్కన పడుకున్న తల్లి కళ్లారా చూసేదే ఇప్పుడు జబ్బు పేరయింది. ఇది చాలా మంచి పని అని నా గట్టి నమ్మకం.

ఇటలీ అంచనా ప్రకారం ఈ జబ్బు లక్షమందిలో ఇద్దరికి కూడా ఉండదు. అందుకే వాళ్ల గోడు ఎవరికీ పట్టదు. మన ఇళ్లలో పిల్లవాడికి ఇలా వస్తే పీడకల అంటారు, దడుచుకున్నాడంటారు, గాలి సోకిందని తాయెత్తు కడతారు. ఆస్పత్రికి తీసుకెళ్తే ఈఈజీ మామూలుగానే రావచ్చు. అప్పుడు 'ఏమీ లేదు, మనసులోదే' అన్న మాట ఆ పిల్లవాడి మీద పడుతుంది. ఎంత అన్యాయం! కార్బమజెపైన్ అనే పాత మందు చాలామందికి పనిచేస్తుంది. మూడోవంతు మందిలో జబ్బు మందులకు లొంగదన్నది నిజమే, కానీ మిగతావాళ్లు ఏళ్ల తరబడి ఎందుకు బాధపడాలి?

ఆ బొలోన్యా సమావేశమే నిర్ధారణకు మూడు మెట్లు పెట్టింది: చూసినవారి మాట, వీడియో, ఆపైన వీడియో ఈఈజీ. రెండో మెట్టుకు కావలసింది ఇవాళ దాదాపు ప్రతి ఇంట్లో ఉన్న సెల్‌ఫోనే. లైటు వేసి, దుప్పటి తీసి, మొదలూ చివరా కనపడేలా రెండు మూడుసార్లు వీడియో తీయండి. న్యూరాలజిస్టుకు ఫైలు కన్నా ముందు దాన్ని చూపించండి.