అలవాటుకు 'ఆఫ్', నిర్ణయానికి 'టు'

నోటుపుస్తకంలో 'హ్యాబిట్ టు రీడ్' అని రాస్తే ఎర్ర సిరా పడుతుంది. 'హ్యాబిట్ ఆఫ్ రీడింగ్' అనాలి. సరేనని 'ఎబిలిటీ ఆఫ్ రీడింగ్' అని రాస్తే అదీ తప్పే. అక్కడ 'ఎబిలిటీ టు రీడ్' రావాలి. ఏ నామవాచకం తర్వాత ఇన్ఫినిటివ్, దేని తర్వాత జెరండ్ అన్న జాబితాను మనం పరీక్ష ముందు రోజు బట్టీ పడతాం, మర్నాడు మరిచిపోతాం. జాబితాకన్నా మన ఇంటి భాషే మంచి దారి చూపుతుందని మా అభిప్రాయం.

తెలుగులో 'చదివే అలవాటు', 'చదివే సామర్థ్యం' రెండింటికీ రూపం ఒకటే. హిందీలోనూ 'పఢ్‌నే కీ ఆదత్', 'పఢ్‌నే కీ క్షమతా' అంటారు. అందుకే విశాఖపట్నం నుంచి వచ్చినవారూ, లక్నో నుంచి వచ్చినవారూ ఒకే తరగతిలో ఒకే తప్పు చేస్తారు. ఇది అజాగ్రత్త కాదు. మన భాషల్లో ఒక్క రూపం చేసే పనిని ఇంగ్లీషు రెండుగా పంచుకుంది.

తెలుగు సాయమూ చేస్తుంది. 'వెళ్ళాలనే నిర్ణయం', 'గెలవాలనే కోరిక' అన్నట్టు 'ఆలనే' వినిపిస్తే ఇంగ్లీషులో చాలావరకు 'టు' వస్తుంది: 'డెసిషన్ టు గో', 'డిజైర్ టు విన్'. 'రాయడంలో ఇబ్బంది' అంటే 'డిఫికల్టీ ఇన్ రైటింగ్'. అన్నిచోట్లా ఇలా కుదరదు. 'గెలవాలనే ఆశ' మాత్రం 'హోప్ ఆఫ్ విన్నింగ్' అవుతుంది. అలాంటివి విడిగా గుర్తుంచుకోవాలి.

'అవకాశం' అన్న మాట చూడండి. 'మాట్లాడే అవకాశం ఇచ్చారు' అంటే 'ఛాన్స్ టు స్పీక్'. 'మన జట్టు గెలిచే అవకాశం ఉంది' అంటే 'ఛాన్స్ ఆఫ్ విన్నింగ్'. మొదటిది మనకు దొరికిన వీలు, రెండోది జరగవచ్చన్న అంచనా. ఈ తేడా అర్థంలో ఉంది. బట్టీ పడితే తెలియదు.

తెలుగులో ఆలోచిస్తే ఇంగ్లీషు పాడవుతుందని కొందరు అంటారు. కానీ మనం ఎలాగూ ఇంటి భాషలోనే ఆలోచిస్తున్నాం. దాన్ని దాచడంకన్నా పక్కన పెట్టి పోల్చుకోవడం మేలు. కొత్త నామవాచకాన్ని ఒంటరిగా కాక, వెనక వచ్చే మాటతో కలిపి, పక్కనే తెలుగు వాక్యంతో రాసుకుందాం. తప్పు దిద్దే ఉపాధ్యాయులు కూడా 'దీన్ని మీ ఇంట్లో ఎలా అంటారు?' అని ఒక్కసారి అడగాలని మా మనవి.

అమ్మానాన్నలకు బదిలీ అయినప్పుడల్లా మనకు బడి మారుతుంది, స్నేహితులు మారతారు. ఇంటి భాష మాత్రం మనతోనే వస్తుంది. దాన్ని ఇంగ్లీషు తరగతి గుమ్మం బయట వదిలేయడం ఎందుకు?