లయక్రీడలు – తొలి కూర్పులు

తొలిరచనలను చూచి సిగ్గుపడుట కవులకే పరిమితమైన గుణము కాదు. సంగీతమునకు అనుగుణముగా ఆడు కంప్యూటరు ఆటలకు, అనగా లయక్రీడలకు, ఘట్టములను కూర్చినవారిలోను అది కలదు.

జపానులో మసాయా మత్సూరా రూపొందించగా 1996లో వెలువడిన ‘పరప్పా ది రాపర్’ ఈ జాతికి మార్గదర్శి. కొనామి సంస్థ 1997లో ‘బీట్‌మేనియా’ను, 1998లో ‘డ్యాన్స్ డ్యాన్స్ రివల్యూషన్’ను వెలువరించెను. ఈ కడపటి ఆటలో తెరపై బాణపు గుర్తులు పైకి సాగుచుండును. ఆటగాడు తాళము తప్పక కాళ్లక్రింది నాలుగు పలకలను త్రొక్కవలెను. ఏ దరువునకు ఏ బాణము నుంచవలెనో నిర్ణయించుటయే ఘట్టరచన. మొదట ఇది సంస్థలవారి పని. పిమ్మట ‘స్టెప్‌మేనియా’ వంటి ఉచిత సాధనములు వచ్చుటతో ఆటగాండ్రే రచయితలైరి.

ఆ రచన చూచుటకు ఛందోగ్రంథములోని ప్రస్తారమువలె నుండును. నాలుగేసి అంకెల వరుసలు. అడుగు పడవలసినచోట 1, పడనిచోట 0. నాలుగు దరువుల ఆవృత్తమునకు నాలుగు వరుసలైన ఒక నడక, ఎనిమిదైన దానికి రెట్టింపు, పండ్రెండైన తిస్రగతి. గురులఘువు లెరిగిన తెలుగు విద్యార్థికి ఇది బొత్తిగా క్రొత్త కాదు.

దోషములును పరిచితములే. క్రొత్తగా చేపట్టినవాడు వినబడిన ప్రతి శబ్దమునకు ఒక బాణము నుంచును. పద్యపాదమును నింపుటకు వ్యర్థపదములు చేర్చు బాలకవి చేయునదియు ఇదియే. ఆడువానికి రెండే కాళ్లని ఆతడు మరచును. అనుభవము కలిగినకొలది విడిచిపెట్టుట నేర్చును: ఊనికగల దరువునకే జంటబాణములు, పల్లవి మరలినపుడు అవే అడుగులు, పాట ఊపిరి తీసికొను తావున ఆటగానికిని విశ్రాంతి.

1999లో వచ్చిన ‘విబ్ రిబ్బన్’ ఆటలో, ఆటగాడు పెట్టిన సంగీతపు డిస్కునుండి యంత్రమే ఘట్టమును కూర్చెను. అది వింతయే. కాని యంత్రము కూర్చిన ఘట్టములో నేర్చుకొన్నవాని అడుగుజాడ లుండవు. బాలుని లోపభూయిష్టమైన కూర్పులో అవి యుండును.

ఇట్టి పనిని కాలహరణమని కసరుటకు ముందు ఉపాధ్యాయులు ఒక్కటి గమనింపవలెను. శ్రద్ధగా వినుట, లెక్కించుట, ఎదుటివాని శక్తిని తలచుట – మూడును ఇందు కలవు. పాఠములు మానవలెనని దీని భావము కాదు. పద్యమైనను, చిత్రమైనను, ఆటయైనను, దిద్దిన ప్రతితోపాటు దిద్దని ప్రతిని కూడ తేదీ వేసి దాచుకొమ్మని విద్యార్థులకు చెప్పవలెను. సిగ్గుతో దానిని చించివేసినచో తాము నడచివచ్చిన త్రోవ వారికే కానరాదు.