కొండ మీది పెట్టెకు కింది నుంచి హుకుం

సైటులో క్రేన్ నడుస్తున్నప్పుడు మా దగ్గర ఒక కట్టుబాటు ఉంది. 'ఎత్తు', 'దించు', 'తిప్పు' అని సైగ చేసే హక్కు ఒక్క మనిషికే ఉంటుంది. పది మంది పది రకాలుగా చేతులూపితే క్రేన్ డ్రైవర్ ఎవరినీ పట్టించుకోడు. కానీ 'ఆపు' అనే సైగ మాత్రం ఎవరు చేసినా ఆపాల్సిందే. నిన్న పనిలో చేరిన హెల్పరు చేసినా సరే. జర్మనీలో గాలిమరలకు పునాదులు వేసే మా తెలుగు బృందానికి ఇది రోజూ చూసే సంగతే. ఇప్పుడు దాన్ని మీకెందుకు చెబుతున్నామంటే, పోయిన చలికాలంలో ఒక రేడియో పెట్టె కోసం మేం మంచులో కొండెక్కాల్సి వచ్చింది. దిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా మా మధ్య ఈ క్రేన్ ముచ్చటే నడిచింది.

మేం ఐఫెల్ కొండల ప్రాంతంలో ఉంటున్నాం. మా అద్దె ఇంటి పక్కన రిటైరైన ఎలక్ట్రీషియన్ ఒకాయన ఉన్నారు. ఊళ్లోని అమెచ్యూర్ రేడియో క్లబ్బులో సభ్యుడు. మన దగ్గర 'హ్యామ్ రేడియో' అంటామే, అదే. ఆయనకు డెబ్బై దాటాయి. కొండ మీది పాత టవరుపై యాంటెన్నా స్తంభం మార్చాలి, ఎత్తులో పని తెలిసినవాళ్లు మీరే కదా, ఒక చెయ్యి వేస్తారా అని అడిగారు. అలా వెళ్లాం. మా ఎవరికీ హ్యామ్ లైసెన్సు లేదు. మాలో ఒకడు ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, మిగతా అందరం సివిల్ డిప్లొమా. మోయడం, కట్టడం మా వంతు, మిగతాది ఆయన వంతు.

ఇంతకీ ఆ పెట్టె ఏం చేస్తుంది?

దాన్ని ప్యాకెట్ రేడియో నోడ్ అంటారు. మనం టైపు చేసిన మాటలను కంప్యూటరు చిన్న చిన్న పొట్లాలుగా కడుతుంది. మోడెం వాటిని చప్పుడుగా మార్చి రేడియోకి ఇస్తుంది. కొండ మీది నోడ్ ఆ పొట్లాన్ని విని, తప్పులేమైనా ఉన్నాయేమో చూసుకుని, అవతలి కొండ మీది నోడ్‌కి అందిస్తుంది. ఇంటర్నెట్టు అక్కర్లేదు, మొబైల్ కంపెనీ అక్కర్లేదు. బ్యాటరీ ఉంటే చాలు. 1980ల చివర్లో, 1990లలో జర్మనీ అంతటా ఇలాంటి నోడ్లు అల్లుకుని ఉండేవి. ఉత్తర జర్మనీకి చెందిన నార్డ్‌లింక్ బృందం తెచ్చిన 'ద నెట్' ప్రోగ్రాం, బవేరియా నుంచి వచ్చిన 'బేకామ్' మోడెం అప్పట్లో ఎన్నో దేశాల్లో వాడారు. తర్వాత ఇంటింటికీ వేగమైన ఇంటర్నెట్టు వచ్చేసరికి చాలా నోడ్లు మూతపడ్డాయి. ఇప్పుడు 'హ్యామ్‌నెట్' పేరుతో వేగమైన లింకులు నడుస్తున్నాయి. పాత ప్యాకెట్ నోడ్లూ అక్కడక్కడా బతికే ఉన్నాయి.

ఇది కాలక్షేపం వ్యవహారమే కదా అనుకోవద్దు. 2021 జులై 14 రాత్రి ఇదే ఐఫెల్ కొండల్లోని ఆర్ లోయను వరద ముంచెత్తింది. ఆ లోయలోనే 130 మందికి పైగా చనిపోయారు. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, మొబైల్ టవర్లు మూగబోయాయి. ఇంట్లోవాళ్లు బతికున్నారో లేదో తెలియక జనం అల్లాడారు. అలాంటి రాత్రి కొండ మీద ఒక చిన్న పెట్టె బతికి ఉండటం ఎంత విలువైనదో వేరే చెప్పక్కర్లేదు.

నాలుగు నిమిషాల పని, పదకొండు రోజుల మౌనం

పెట్టె లోపల శాశ్వతంగా ఉండి దాన్ని నడిపించే ప్రోగ్రామే ఫర్మ్‌వేర్. దానికి కొత్త రూపం వచ్చిందని క్లబ్బు సభ్యుడొకాయన ఒక రాత్రి ఇంట్లో కూర్చునే రేడియో లింకు మీద దాన్ని పంపించారు. పెట్టె బుద్ధిగా తీసుకుంది, ఆగి మళ్లీ లేచింది. కానీ లేచేసరికి పాత సెట్టింగులన్నీ చెరిగిపోయి, మొదట తయారైనప్పటి సెట్టింగులు వచ్చి కూర్చున్నాయి. అంటే అది వేరే ఫ్రీక్వెన్సీలో మాట్లాడుతోంది, వేరే ఫ్రీక్వెన్సీలోనే వింటోంది. అదృష్టం బాగుండి అది కూడా హ్యామ్‌లకు కేటాయించిన బ్యాండులోనే ఉంది. పెట్టె బతికే ఉంది, అయినా ఎవరి మాటా దానికి వినపడదు. సరిచేసే ఆజ్ఞ పంపుదామంటే, ఆజ్ఞ వెళ్లాల్సిన దారే మూసుకుపోయింది.

అప్పుడే మంచు పడింది. కొండదారి మూసేశారు. పదకొండు రోజులు ఆగి, ఒక ఆదివారం మేం ఇద్దరం ఆ పెద్దాయన వెంట నడిచి ఎక్కాం. పైన పని ఎంతసేపనుకున్నారు? పాత మెమరీ కార్డు పెట్టి స్విచ్చి వేయడానికి నాలుగు నిమిషాలు. ఆ పదకొండు రోజుల్లో ఏ ఆపదా రాలేదు కనుక ఇది నవ్వుకునే కథయింది. వచ్చి ఉంటే?

ఇందులో ఆ సభ్యుణ్ని తప్పుపట్టేదేం లేదు. ఇంతకంటే పెద్దవాళ్లకే ఇది జరిగింది. అమెరికా పంపిన వైకింగ్-1 నౌక 1976 జులైలో అంగారకుడి మీద దిగింది. 90 రోజులు పనిచేస్తే చాలనుకుంటే ఆరేళ్లకు పైగా పనిచేసింది. 1982 నవంబరులో బ్యాటరీ చార్జింగు మెరుగుపరచడానికి భూమి నుంచి కొత్త ఆజ్ఞలు పంపారు. అవి పొరపాటున, యాంటెన్నాను భూమి వైపు తిప్పే సమాచారం ఉన్నచోట పడ్డాయి. యాంటెన్నా దారి తప్పింది, మళ్లీ మాట కలవలేదు. అంగారకుడి మీదికి నిచ్చెన వేసుకుని ఎక్కేవాళ్లు లేరు. మా కొండకు ఉన్నాం, అంతే తేడా.

దాచకూడదు, కానీ గుర్తుపట్టాలి

ఇక రెండో చిక్కు. ఆజ్ఞ ఇచ్చేది అసలు మనిషేనా అని పెట్టెకు ఎలా తెలుస్తుంది? హ్యామ్ రేడియోలో మాటల్ని రహస్య భాషలో పంపకూడదు. దేశాల మధ్య సంభాషణకు అంతర్జాతీయ రేడియో నియమాలే ఈ మాట చెబుతున్నాయి, జర్మనీ చట్టమూ అంతే. ఉపగ్రహాలను నడిపే ఆజ్ఞలకు మాత్రం మినహాయింపు ఉంది. ఈ గాలి అందరిదీ, ఎవరేం మాట్లాడుతున్నారో ఎవరైనా వినగలగాలి అన్నది దీని వెనకున్న ధర్మం. మరి పాస్‌వర్డు గాల్లోకి వదిలితే ఊరంతా వింటుంది. ఎవరి కాల్‌సైన్ అయినా ఎవరైనా టైపు చేసుకోవచ్చు.

దీనికి పాతకాలం వాళ్లు వేసిన ఉపాయం చూసి మాకు ముచ్చటేసింది. మన ఊళ్లో అమ్మకు ఎవడో ఫోన్ చేసి "నేను మీ అబ్బాయి స్నేహితుణ్ని" అంటాడు. అమ్మ తెలివిగా "అయితే మా బర్రె పేరేంటో చెప్పు నాయనా" అంటుంది. ఇంట్లో మసలినవాడికే తెలిసే సంగతి అది. అయితే రోజూ అదే ప్రశ్న అడిగితే గోడ పక్కన విన్నవాడికీ జవాబు తెలిసిపోతుంది. కాబట్టి ప్రశ్న మారుతూ ఉండాలి. అమెరికాలో 1987లో వచ్చిన నెట్‌రామ్, ఆ తర్వాతి 'ద నెట్' నోడ్లు చేసిందీ ఇదే. పెట్టెలో ఒక పొడవైన అక్షరాల వరస దాచి ఉంటుంది. నిర్వాహకుడు పలకరిస్తే పెట్టె అయిదు అంకెలు చెబుతుంది. ఆ వరసలో ఆ స్థానాల్లో ఉన్న అయిదు అక్షరాలు తిప్పి చెప్పాలి. ప్రతిసారీ అంకెలు మారతాయి. విన్నవాడికి ఆ పూట జవాబు దొరుకుతుంది గానీ, రేపటి జవాబు దొరకదు.

ఓపిగ్గా నెలల తరబడి వింటూ రాసుకునేవాడికి ఆ వరస మెల్లమెల్లగా తెలిసిపోతుందన్న మాట నిజమే. అందుకే తర్వాతి ప్రోగ్రాముల్లో లెక్కకట్టి జవాబిచ్చే గట్టి పద్ధతులు వచ్చాయి. ఇప్పుడు ఆజ్ఞలకు డిజిటల్ సంతకం పెట్టే వీలుంది. మాట బహిరంగంగానే ఉంటుంది, చెప్పిందెవరో మాత్రం ఎవడూ దొంగిలించలేడు.

పెట్టె అలవాటుగా వినే మాటే ఆయుధమైతే

2022 ఫిబ్రవరి 24న, ఉక్రెయిన్ మీద రష్యా దండెత్తిన రోజున, కేఏ-శాట్ ఉపగ్రహ ఇంటర్నెట్టు మీద దాడి జరిగింది. దుండగులు నిర్వహణ విభాగంలోకి చొరబడి వేలాది మోడెంలకు ఒకేసారి ఆజ్ఞలు పంపారు. ఆ ఆజ్ఞలు కొత్తగా పుట్టించినవి కావు, మోడెంలు ఎప్పుడూ వినే నిర్వహణ ఆజ్ఞలే. వాటితోనే లోపలి మెమరీని చెరిపేశారు. దాని దెబ్బ జర్మనీలో గాలిమరల మీదా పడింది. ఎనర్‌కాన్ కంపెనీకి చెందిన దాదాపు 5,800 మరలకు దూరం నుంచి పర్యవేక్షించే దారి తెగిపోయింది.

ఇలాంటి మరలకు పునాదులు పోసే మాకు ఈ కథలో రెండు విషయాలు పట్టుకున్నాయి. ఒకటి, సంబంధం తెగినా మరలు తమంతట తాము తిరుగుతూ కరెంటు ఇస్తూనే ఉన్నాయి. పై నుంచి మాట రాకపోయినా నడిచేలా వాటిని కట్టారు కనుక. రెండోది, తెగిన దారిని అతకడానికి చివరికి మనుషులే పరికరాలు పట్టుకుని వెళ్లాల్సి వచ్చింది.

మా మాట

దూరం నుంచి ఆజ్ఞలు వద్దే వద్దనే పెద్దలు క్లబ్బులో ఉన్నారు. వాళ్ల కాలంలో ఫర్మ్‌వేర్ మార్చాలంటే ఈప్రామ్ చిప్పు ఊడబీకి, అల్ట్రావయొలెట్ దీపం కింద చెరిపి, మళ్లీ రాసి, కొండెక్కి బిగించేవారు. ఎక్కేముందు పదిసార్లు సరిచూసుకునేవారు. ఇప్పుడు వేలితో నొక్కితే పని అయిపోతుంది కనుక ఒక్కసారి చూసుకోవడం కూడా బరువైందని వాళ్ల బాధ. కుర్రవాళ్లేమో ప్రతి చిన్న పనికీ కొండెక్కితే క్లబ్బులు మూతపడతాయంటారు. భద్రతా లోపాలు బయటపడినప్పుడు అప్‌డేటు చేయకుండా వదిలేయడమూ ప్రమాదమే అంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది.

మేం చెప్పొచ్చేదేమిటంటే, హుకుం దూరం నుంచి రావచ్చు, కానీ మూడు కట్టుబాట్లు లేకుండా రాకూడదు.

ఒకటి, మార్చే ఆజ్ఞ ఎవరిదో తేలాలి, ఆ హక్కు ఒకరిద్దరికే ఉండాలి. క్రేనుకు 'ఎత్తు' అనే సైగ లాంటిది ఇది. 'ఆపు' మాత్రం సులువుగా ఉండాలి. ట్రాన్స్‌మిటర్ ఆగకుండా మోగుతుంటే దాన్నంతటదే కట్టేసే టైమరు ఉండాలి. కొండ కింద తాళంచెవి ఉన్న ఎవరైనా స్విచ్చి తీసేయగలగాలి.

రెండు, తప్పుడు ఆజ్ఞ దానంతటదే వెనక్కి పోవాలి. కాంక్రీటు ఒకసారి పోశాక వెనక్కి తీసుకోలేం, అందుకే సెంట్రింగు ముందే తడిమి చూస్తాం. ప్రోగ్రాముకు ఆ కష్టం లేదు. పాతదీ కొత్తదీ రెండూ పెట్టెలో ఉంచి, కొత్తది లేచిన పది నిమిషాల్లో కింద నుంచి 'బాగుంది' అనే మాట రాకపోతే పాతదానికే తిరిగి వెళ్లేలా చేయొచ్చు. మా కొండ మీది పెట్టెకు ఈ ఏర్పాటు ఉంటే ఆ రాత్రే పది నిమిషాల్లో కథ ముగిసేది. ఈ మధ్యే అది పెట్టారు. ముందు ఇంట్లో బల్ల మీద మరో పెట్టెలో వారం నడిపి చూశాకే పైకి పంపాలని నియమమూ పెట్టుకున్నారు.

మూడు, ఎక్కగల మనిషి ఉండాలి. ఆ మనిషి పేరు రాసి ఉండాలి. వానా మంచూ వరదా ఉన్నప్పుడే పెట్టె అవసరం, అప్పుడే దారీ మూసుకుపోతుంది. కాబట్టి అప్‌డేట్లు వేసవిలో, దారి తెరిచి ఉన్నప్పుడు చేసుకోవాలి. చలికాలంలో, తుపాను కబురు ఉన్నప్పుడు పెట్టె జోలికి పోకూడదు.

మన ఊళ్ల సంగతి

ఇదంతా జర్మనీ గొడవ, మనకెందుకు అనుకోకండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు గల్ఫులో, యూరపులో ఉన్న మనవాళ్లు ఇంటికి ఫోన్ కలవక ఎలా తల్లడిల్లారో మీకు గుర్తుండే ఉంటుంది. 2004 డిసెంబరు 26 సునామీ నాడు అండమాన్ నుంచి సమాచారం బయటికి చేరవేసినవాళ్లలో, అప్పటికే పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న భారతి ప్రసాద్ హ్యామ్ బృందం ఉంది. వాళ్లను పంపింది మన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో. ఆ రోజు పని నోటిమాటతో జరిగింది. రేపు మన తీరంలో ఎవరైనా నోడ్లు పెడితే, ఈ మూడు కట్టుబాట్లూ మొదటి రోజే పెట్టుకోవాలి. తుపాను రాత్రి నేర్చుకునే పాఠం కాదిది.

ఇక్కడ ఉన్నవాళ్లకు ఒక మాట. జర్మనీలో హ్యామ్ పరీక్ష రాయడానికి ఇక్కడి పౌరసత్వం అక్కర్లేదు. 2024 జూన్ నుంచి కొత్తవాళ్ల కోసం 'ఎన్' క్లాసు కూడా వచ్చింది. ప్రశ్నలన్నీ బుండెస్‌నెట్జ్‌ఏజెంటూర్ ముందే ప్రచురించింది. భాష జర్మనే, కానీ సైటులో రోజూ ఆ భాషతోనే కదా కుస్తీ పడుతున్నాం! మాలో ఇద్దరం ఇప్పటికే చదవడం మొదలుపెట్టాం.

క్లబ్బుల్లో ప్రోగ్రాము తెలిసిన పెద్దలున్నారు, వాళ్ల మోకాళ్లు సహకరించడం లేదు. మాకు ప్రోగ్రాము తెలియదు, మోకాళ్లు గట్టిగా ఉన్నాయి. టవరు తలుపు పక్కన అంటించిన కాగితంలో, 'ఎక్కగల మనుషులు' అని రాసినచోట, ఇప్పుడు రెండు తెలుగు పేర్లున్నాయి.