మీది అరుగు, మాది చబూత్రా

ఊరి నడిమధ్య పార్కు పాడైపోయిందని జిల్లా పేజీలో వార్త వస్తుంది. ఫొటోలో విరిగిన సిమెంటు బెంచీ, నీళ్లు లేని ఫౌంటెన్, నాలుగు ఖాళీ సీసాలు. కింద ఎప్పుడూ ఒకే వాక్యం: 'ఆకతాయిలకు అడ్డాగా మారింది.' రాసే విలేకరి మారతాడు, పార్కు మారుతుంది, ఊరు మారుతుంది, ఆ వాక్యం మారదు. శ్రీకాకుళమైనా అంతే, విజయనగరమైనా అంతే. ఆ వెనకే సుందరీకరణ మాట వస్తుంది. నడుం వాల్చకుండా బెంచీ మధ్యలో ఇనుప కమ్మీ పెట్టమంటారు. చెట్టు చుట్టూ ఉన్న గట్టుకి కంచె వెయ్యమంటారు. మధ్యాహ్నం గేటుకి తాళం, ప్రతి మూలా కెమెరా. నడిచేవాళ్లకి ట్రాకు పెరుగుతుంది. కూర్చునేవాళ్లకి చోటు తరుగుతుంది.

పార్కు బాగుపడితే మాకేం బాధ? మాకూ పిల్లలున్నారు, వాళ్లకీ ఉయ్యాల కావాలి. మేం అడిగేది ఒక్కటే, ఆ వాక్యంలోని ఆకతాయి ఎవరు?

వాడికి పేరుండదు గానీ రూపం ఉంటుంది. మెకానిక్ షెడ్డు మసి చేతులకి అంటుకుని ఉంటుంది. నెత్తిన టోపీ ఉంటుంది, లేదా లుంగీ ఉంటుంది. పేట నుంచి వచ్చిన దళిత కుర్రాడవుతాడు. చెన్నై పనికి పోయి, పని దొరక్క తిరిగొచ్చి, ఊరెళ్లే బస్సు కోసం పొద్దుపుచ్చుతున్న కూలీ అవుతాడు. ఎక్కడా అద్దెకి గది ఇవ్వని హిజ్రా అవుతుంది. రిటైరైన హెడ్మాస్టారు అదే బెంచీ మీద మూడు గంటలు కూర్చుంటే కాలక్షేపం. మావాడు అరగంట కూర్చుంటే 'అనుమానాస్పదంగా తచ్చాడుతున్నాడు'. పోలీసు ప్రకటనల్లో ఈ తచ్చాడ్డం అన్న మాట మీరు ఎన్నిసార్లు చదివి ఉంటారు? హెడ్మాస్టారు గురించి ఒక్కసారైనా చదివారా?

శ్రీకాకుళానికి మా పాలన రోజుల్లో గుల్షనాబాద్ అని పేరు. మా పాలన అని అలవాటుగా అనేశాం. అది ఫౌజుదార్ల పాలన, మాలాంటి సాయిబులది ఏనాడూ కాదు. గుల్షన్ అంటే పూలతోట. తోటల ఊరు అని పిలుచుకున్నారు. కుతుబ్‌షాహీల కాలంలో 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించిన జామియా మసీదు ఇప్పటికీ ఉంది. ఆ తోటలు లేవు. ఆ పేరు ఎవరికీ గుర్తులేదు. ఇవాళ రెండు జిల్లాల్లోనూ మేం నూటికి ఒక్కరం కూడా లేం. ఓట్ల లెక్కలో కనిపించం. అనుమానం లెక్కలో మాత్రం ముందుంటాం.

మా ఇళ్లు ఎలా ఉంటాయో తెలిస్తే గానీ మా కుర్రాడు బెంచీ మీదకి ఎందుకొచ్చాడో తెలీదు. ఒక గది, దాని ముందు రేకు దింపిన వంటచోటు, ఆ వెంటనే వీధి. అరుగు లేదు, పెరడు లేదు. ఆ గదిలో అమ్మీ, అక్కచెల్లెళ్లు, మంచాన పడ్డ నానీ. పక్కింటి ఆడవాళ్లు వచ్చారనుకోండి, పర్దా ఉన్న ఇల్లు గనక మగపిల్లలు లేచి బయటికి పోవాలి. 'జా బేటా, థోడీ దేర్ బాహర్ బైఠ్' అంటుంది అమ్మీ. బాహర్ అంటే ఎక్కడ? టీ బడ్డీ దగ్గర కూర్చోవాలంటే టీ కొనాలి. స్నేహితుడి ఇల్లూ ఇలాంటిదే. మిగిలింది పార్కు. అక్కడికి పోతే కాపలావాడు లాఠీ నేలకి కొట్టి 'ఏటి గుంటడా, ఇక్కడేటి పని? ఎల్లు ఎల్లు' అంటాడు. ఆ కాపలావాడు కూడా నెలకి ఏడెనిమిది వేలకి కాంట్రాక్టు మీద నిలబడ్డ పేదవాడే, వాడిమీద మాకు కోపం లేదు. వాడిచేత ఆ మాట అనిపించేవాళ్ల మీదే మా కోపం.

తెలుగు సాహిత్యంలో అరుగుకి ఎంత గౌరవం! అరుగు మీద కథలు పుట్టాయి, పంచాంగాలు చదివారు, వీధిబడులు నడిచాయి, ఊరి రాజకీయం అంతా అక్కడే. అరుగులు పోయాయని ఇప్పటికీ మన పత్రికల్లో కన్నీళ్లు కారుస్తూ వ్యాసాలొస్తాయి. అదే అరుగుని ఉర్దూలో చబూత్రా అంటాం. హైదరాబాద్ పాతబస్తీలో మావాళ్లు రాత్రిపూట దానిమీద కూర్చుంటే ఏమైందో గుర్తుచేసుకోండి. 2015లో దక్షిణ మండల పోలీసులు ఏకంగా ఒక కార్యక్రమమే పెట్టారు. దాని పేరు మిషన్ చబూత్రా. అర్ధరాత్రి గల్లీల్లో అరుగుల మీద కూర్చున్న కుర్రాళ్లని పట్టుకోవడం, వ్యాన్లలో తీసుకుపోవడం, తల్లిదండ్రుల్ని పిలిపించడం, అందరి ముందూ 'కౌన్సెలింగ్' ఇవ్వడం. ఆ తర్వాత కూడా విడతలు విడతలుగా అది నడిచింది. ఈ పిల్లలు చేసిన నేరం ఏ సెక్షన్ కిందికి వస్తుంది? తమ గల్లీలో, తమ ఇంటి ముందు, తమ రాయి మీద కూర్చున్నారు. కళ తప్పిన అరుగుల గురించి రాసిన ఒక్క కలమూ ఆ చబూత్రా గురించి కదిలినట్టు మాకు కనపళ్లేదు.

పాతబస్తీ పెద్దల్లో కొందరు దాన్ని మెచ్చుకున్నారు కూడా. మా పిల్లలు రాత్రిళ్లు చెడిపోతున్నారు, పోలీసులు మంచిపనే చేస్తున్నారు అన్నారు. తండ్రి భయం మాకు అర్థమవుతుంది. కానీ కొడుకుని ఇంటికి పిలుచుకోడానికి పోలీసు వ్యాను కావాల్సిన స్థితికి ఎవరు తెచ్చారు? బంజారాహిల్స్‌లో తెల్లవారుజాము దాకా కాఫీ తాగుతూ కూర్చునే పిల్లల కోసం మిషన్ కెఫే ఎందుకు రాలేదు?

హైదరాబాద్ సంగతి సిక్కోలుకెందుకు అనకండి. పెద్ద ఊళ్లో పోలీసు వ్యాను చేసిన పనిని చిన్న ఊళ్లో మేస్త్రీచేత చేయిస్తారు. ఇనుప కమ్మీ ఎవర్నీ కొట్టదు, తిట్టదు, కేసు పెట్టదు. అందుకే దాన్ని ఎవరూ కోర్టుకి లాగలేరు. బయటి దేశాల్లోనూ ఇదే విద్య. లండన్‌లో 2012లో కామ్డెన్ కౌన్సిల్ ఎవరూ పడుకోలేని, ఏదీ దాచలేని వాలు బల్ల చేయించి పెట్టింది. బ్రిటన్‌లోనే 2005లో కుర్రాళ్ల చెవులకి మాత్రమే వినపడే కీచు శబ్దం చేసే యంత్రం తయారైంది, దాని పేరే దోమ. మనిషిని దోమతో తోలాలన్న ఆలోచన ఎంత నాగరికమైందో!

చట్టం ఏమంటుందో కూడా చెప్పుకుందాం. అనుమానితుల్ని మంచి నడవడికకి బాండు రాయించుకునే పాత 109వ సెక్షన్, 2024 జూలై 1 నుంచి కొత్త సంహితలో 128వ సెక్షన్ అయింది. అంకె మారినా అందులోని మాట అదే. నేరం చేసే ఉద్దేశంతో తన ఉనికిని దాచుకుంటున్నవాడికి అది వర్తిస్తుంది. పార్కులో, దీపం కింద, నలుగురి కళ్లెదుట కూర్చున్నవాడు ఉనికి దాచుకుంటున్నట్టా? దాక్కోవాలంటే పార్కే దొరికిందా వాడికి?

ఇక ఆడపిల్లల భద్రత. ఈ మాట రాగానే మమ్మల్ని నోరు మూసుకోమంటారు. మూసుకోం. పార్కులో ఆడపిల్లని వేధించినవాణ్ని పట్టుకోండి, వాడు సాయిబైతే ఇంకో రెండు తగిలించండి, మేం అడ్డం రాం. కానీ శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనాడే అనే ముగ్గురు స్త్రీలు ముంబయి వీధుల్ని ఏళ్ల తరబడి పరిశీలించి 2011లో 'వై లాయిటర్?' అని పుస్తకం రాశారు. ఊరికే కూర్చునే హక్కు ఆడదానికి కావాలి, దానికోసం పేద మగవాణ్ని, ముస్లిం మగవాణ్ని వీధిలోంచి తరిమేయడం దారి కాదు అన్నారు. ఎందుకంటే ఈ వేళ ప్రమాదమని వాణ్ని తోలిన చెయ్యే, రేపు ప్రమాదమని ఆమెని ఇంట్లోకి తోలుతుంది. 2021 ఆగస్టులో హైదరాబాద్ ఇందిరా పార్కు గేటుకి పెళ్లికాని జంటలు లోపలికి రాకూడదని బోర్డు కట్టారు. గొడవయ్యాక తీసేశారు. అదే పార్కు పక్కన ధర్నా చౌక్‌ని 2017లో మూసేస్తే, 2018 నవంబరులో హైకోర్టు చెప్పాక గానీ జనం మళ్లీ అక్కడ కూర్చోలేదు. ప్రేమికులు, ధర్నా చేసేవాళ్లు, పనిలేని కుర్రాళ్లు - గేటు దగ్గర అందరూ ఒకే వరసలో నిలబడ్డవాళ్లే.

మా ఇంటి సంగతి కూడా దాచం. బురఖా వేసుకున్న మా ఆడది పార్కు బెంచీ మీద ఒంటరిగా పావుగంట కూర్చుంటే బయటివాళ్లు వింతగా చూస్తారు, మావాళ్లు నిలదీస్తారు. కొడుకుని 'బాహర్ బైఠ్' అనే ఇల్లు కూతుర్ని ఎప్పుడూ అనదు. ఈ అన్యాయం మున్సిపాలిటీది కాదు, మాది. దీన్ని మేమే తేల్చుకోవాలి. కానీ ఆమె ఎప్పుడైనా గడప దాటి వచ్చేసరికి కూర్చోడానికి బెంచీ ఉండాలి కదా.

గంజాయి ఉంది. లేదనం. విశాఖ మన్యం నుంచి దిగే సరుకు మా వీధుల్లోకీ వస్తోంది, మా ఇళ్లలోనూ తల్లులు ఏడుస్తున్నారు. పార్కు బెంచీకి కమ్మీ పెడితే అది ఆగుతుందా? సందులోకి పోతుంది. న్యూయార్క్‌లో బ్రయంట్ పార్కుకి 1970లలో మత్తుమందుల బేరాలతో ఇంతకన్నా చెడ్డపేరు ఉండేది. విలియం వైట్ అనే ఆయన చూసి, ఎత్తు కంచెలూ పొదలూ మామూలు జనాన్ని దూరం చేస్తున్నాయి, అందుకే అది వాళ్ల అడ్డా అయింది అన్నాడు. పొదలు తగ్గించారు, దారులు తెరిచారు, జరుపుకునే కుర్చీలు వందల్లో వేశారు. 1992లో తెరిచాక జనం నిండారు, నేరం తగ్గింది. అక్కడ కాపలా కూడా పెట్టారు, నడిపేది ప్రైవేటు సంస్థ, అవన్నీ మనకి ఆదర్శమని అనం. కానీ కూర్చునే చోటు పెంచితే భయం తగ్గిందన్నది నిజం.

అంత దూరం ఎందుకు, విజయనగరం బాబామెట్ట మీద ఖాదర్ బాబా దర్గాకి వెళ్లండి. కాపువాడు, వెలమవాడు, మాలవాడు, సాయిబు పక్కపక్కనే కూర్చుని ఉంటారు. పిల్ల జబ్బు తగ్గాలని వచ్చినామె, అప్పులవాళ్ల నుంచి తప్పించుకొచ్చినాయన, ఏ పనీ లేక వచ్చినవాడు. ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు.

2025 మేలో విజయనగరం కుర్రాడొకణ్ని, హైదరాబాద్ కుర్రాడొకణ్ని ఉగ్రవాద కేసులో పట్టుకున్నారు. కేసు ఎన్‌ఐఏకి వెళ్లింది. నేరం రుజువైతే శిక్ష పడాలి, అందులో మాకు రెండో మాట లేదు. కానీ ఒక కుర్రాడి మీద కేసు పడితే మా కుర్రాళ్లందరూ ఎందుకు లెక్క చెప్పాలి? నలుగురు కలిసి కూర్చోవద్దు, ఉర్దూలో గట్టిగా మాట్లాడొద్దు, చీకటిపడకముందే ఇంటికి రమ్మని మా పిల్లలకి మేమే చెప్పుకుంటున్నాం. 2007 మే 18న మక్కా మసీదులో బాంబు పేలాక ఎంతమంది అమాయకుల్ని లోపలేశారో మాకు గుర్తుంది. నిర్దోషులని తేలాక 2012లో ప్రభుత్వం పరిహారం ఇస్తే, మరుసటి ఏడాది హైకోర్టు అది చెల్లదంది. అలాంటి జ్ఞాపకం ఉన్నవాడికి పార్కులో కొత్తగా వెలిసిన కెమెరా భద్రతలా కనపడదు.

పార్కు ఎవరిది, దాన్ని ఎలా మార్చాలి అన్నది ఎక్కడ తేలాలి? 2015లో వచ్చిన అమృత్ పథకంలో మా రెండు ఊళ్లూ ఉన్నాయి. పార్కులకీ అందులో వాటా ఉంది. 2021 మార్చిలో విజయనగరానికి కార్పొరేషన్ ఎన్నికలు జరిగాయి. శ్రీకాకుళానికి అప్పుడూ జరగలేదు. 2010లో పాలకవర్గం గడువు తీరింది మొదలు ఏళ్లకేళ్లు అధికారులే నడిపారు. వార్డు మెంబరే లేనిచోట పార్కులో కూర్చునేవాడు తన గోడు ఎవరికి చెప్పుకోవాలి? విజయనగరంలో 2020 మేలో మూడు లాంతర్ల స్తంభాన్ని అభివృద్ధి పేరుతో కూల్చేస్తే ఊరంతా లేచింది, అశోక్ గజపతిరాజు గారు ఖండించారు, రాష్ట్రమంతా వార్తయింది. లేవాల్సిందే, అది ఊరి గుర్తు. ఆ పట్టింపులో పదోవంతు ఆ కూడళ్లలో నేలమీద కూర్చుని బతికినవాళ్ల మీదా ఉంటే బాగుండేది.

బెంచీలు పెంచండి, కమ్మీలు పీకండి. మంచినీళ్లు, ఆడవాళ్లకి మరుగుదొడ్డి, రాత్రి పది దాకా దీపాలు పెట్టండి. బఠాణీల బండివాణ్ని లోపలికి రానివ్వండి, వాడికి మించిన కాపలా ఉండదు. తప్పు చేసినవాడి మీద ఆ తప్పుకే కేసు పెట్టండి. మధ్యాహ్నం ఎండకి నీడ కావాల్సినప్పుడు గేటు తెరిచి ఉంచండి. ప్లాను గీసే ముందు దాని కాగితం ఒకటి మా మసీదు వీధిలో గోడకి అంటించండి. తెలుగులోనే రాయండి. ఉర్దూ చదవడం వచ్చినవాళ్లు మాలో ఎంతమంది మిగిలారు గనక.