అవ్వాతాతల రైలు రాయితీ తిరిగి ఇచ్చేదాకా అడుగుదాం!

ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయం, ఆస్పరి పల్లెల అన్నలారా, అక్కలారా, అవ్వలారా, తాతలారా!

2020 మార్చి 20న దేశమంతటా పెద్దవాళ్లకు రైలు టికెట్టు మీద ఇచ్చే రాయితీ ఆగిపోయింది. అప్పటిదాకా 60 ఏళ్లు నిండిన మగవాళ్లకు మూల ఛార్జీలో 40 శాతం, 58 ఏళ్లు నిండిన ఆడవాళ్లకు 50 శాతం తగ్గేది. మెయిల్, ఎక్స్‌ప్రెస్ మొదలు రాజధాని, శతాబ్ది దాకా అన్ని తరగతుల్లోనూ ఉండేది. కౌంటర్ దగ్గర ఫారంలో వయసు రాసి, రైల్లో టీసీ అడిగినప్పుడు ఆధార్ కార్డు చూపిస్తే సరిపోయేది. ఏ ఆఫీసు చుట్టూ తిరగాల్సిన పని, ఎవరి సంతకం కోసమో కాచుకోవాల్సిన పని లేకుండా మన ముసలివాళ్ల చేతికి అందిన సాయం అది.

కరోనా ముంచుకొస్తోంది, పెద్దవాళ్లు ఇంటిపట్టున ఉండాలి, ప్రయాణాలు తగ్గించాలి అని చెప్పి ఆపారు. ఆ రోజుకు అది సరైన మాటే. ఎవరమూ ఎదురు చెప్పలేదు.

కరోనా పోయింది. 2021 నవంబరులో రైళ్లకు తగిలించిన ‘స్పెషల్’ అనే పేరు తీసేసి మునుపటిలా నడపడం మొదలుపెట్టారు. రాయితీ మాత్రం తిరిగి రాలేదు. కారణం పోయాక కూడా కోత ఎందుకు మిగిలిందని అడగడానికే ఈ కరపత్రం.

ఇంకో సంగతి గమనించండి. అదే కరోనాలో ఏసీ బోగీల్లో దుప్పటి, దిండు, తువ్వాలు ఇవ్వడం కూడా ఆపేశారు. 2022 మార్చిలో అవి తిరిగొచ్చాయి. రావడం మంచిదే, మనకు వాటి మీద కోపం లేదు. కానీ ఏసీలో పడుకునేవాళ్ల దుప్పటి రెండేళ్లకు తిరిగొస్తే, స్లీపర్‌లో పోయే అవ్వ రాయితీ ఇన్నేళ్లయినా ఎందుకు రాలేదు? ఆ దుప్పటి తెచ్చిన ఆర్డరు రాసిన చేతికి ఇంకో ఆర్డరు రాయడం బరువేమీ కాదు.

మన ఊళ్ల రైలు దారిలో పోయేవాళ్లెవరో ఢిల్లీలో కూర్చున్నవాళ్లకు తెలియకపోవచ్చు, మనకు తెలుసు. మన పల్లెల్లో పంట చేతికి రాని ఏడు ఇంట్లో వయసువాళ్లంతా సుగ్గికి పోతారు. గుంటూరు మిరప చేలకు కొందరు, బెంగళూరు, ముంబై కట్టడం పనులకు కొందరు. ఇంటి దగ్గర మిగిలేది ముసలివాళ్లు, బడి ఈడు పిల్లలు. కొడుక్కు జ్వరమొచ్చిందన్నా, కోడలికి కాన్పు వచ్చిందన్నా రైలెక్కాల్సింది ఆ ముసలమ్మే. ఆదోని పత్తి మార్కెట్లో బోరాలు మోసి నడుము వంగిన హమాలీలు, జిన్నింగు మిల్లుల్లో దూది దుమ్ము పీల్చిన ఆడవాళ్లు, ఎమ్మిగనూరు మగ్గాల గుంటల్లో కాళ్లు పెట్టి బతుకంతా నేసి చూపు తగ్గిన నేతన్నలు, వీళ్లే ఆ 60 దాటినవాళ్లు. మాచాని సోమప్ప గారు నిలబెట్టిన చేనేత సహకార సంఘంతో దేశమంతా పేరు తెచ్చుకున్న ఊరు ఎమ్మిగనూరు. ఆ పేరు తెచ్చిన చేతులు ఈరోజు టికెట్ కౌంటర్ దగ్గర పూర్తి డబ్బు లెక్కపెడుతున్నాయి.

వైద్యం సంగతి చూడండి. పుట్టపర్తి సత్యసాయి ఆసుపత్రిలో గుండె ఆపరేషన్‌కు డబ్బు తీసుకోరు. కానీ అక్కడిదాకా పోవడానికి, రావడానికి దారి ఖర్చు మనదే. చూపించుకోవడానికి ఒకసారి, ఆపరేషన్‌కు ఒకసారి, ఆ తర్వాత మళ్లీ రమ్మన్నప్పుడల్లా ఒకసారి. ముసలాయన ఒక్కడే పోలేడు, తోడుగా ముసలామె పోవాలి. బెంగళూరు ఆసుపత్రులైనా, హైదరాబాదు నిమ్స్ అయినా ఇదే కథ. ఆదోనిలో ఆగే ఉద్యాన్ ఎక్స్‌ప్రెస్ బెంగళూరుకు, ముంబైకి దారి. రాయలసీమ ఎక్స్‌ప్రెస్ తిరుపతికి, హైదరాబాదుకు దారి. మనకు ఇవి షికారు బండ్లు కావు.

ఇద్దరు పెద్దవాళ్ల లెక్క వేద్దాం. ఏ ఊరికైనా సరే, మూల ఛార్జీ ఒక్కొక్కరికి 100 రూపాయలు అనుకోండి. 2020కి ముందు తాతకు 60, అవ్వకు 50, ఇద్దరికీ కలిపి 110 అయ్యేది. ఇప్పుడు 200. అంటే పెద్దవాళ్లకు మాత్రం ఛార్జీ ఒక్కసారిగా 80 శాతానికి పైగా పెరిగినట్టు. దాని మీద 2025 జూలై 1 నుంచి ఏసీ కాని మెయిల్, ఎక్స్‌ప్రెస్ తరగతులకు కిలోమీటరుకు ఒక పైసా, ఏసీకి రెండు పైసలు పెంచారు. ఆ పైసలకు టీవీల్లో చర్చలు జరిగాయి. ముసలివాళ్ల మీద పడిన 80 శాతానికి అంత చర్చ జరగలేదు, ఎందుకంటే దానికి ఛార్జీల పెంపు అని ఎవరూ పేరు పెట్టలేదు.

రాయితీ ఆపడం వల్ల రైల్వేకు ఎంత మిగిలిందో సమాచార హక్కు చట్టం కింద అడిగితే వాళ్లే చెప్పారు. 2020 మార్చి 20 నుంచి 2025 ఫిబ్రవరి చివరిదాకా 31 కోట్లకు పైగా పెద్దవాళ్ల ప్రయాణాలు, వాటి మీద రాయితీ లేనందువల్ల అదనంగా వచ్చింది దాదాపు 8,913 కోట్ల రూపాయలు. భాగించి చూస్తే ఒక్కో ప్రయాణానికి సగటున 280 రూపాయల పైమాటే. పింఛను మీద బతికే మనిషికి 280 రూపాయలంటే బీపీ మాత్రలు, కంటి చుక్కల మందు.

ప్రభుత్వం చెప్పే జవాబు కూడా మీ ముందు పెడతాం, దాచేది లేదు. 2022-23లో ప్రయాణికులందరికీ కలిపి 56,993 కోట్ల రూపాయల సబ్సిడీ ఇచ్చామని, 100 రూపాయల ఖర్చయ్యే ప్రయాణానికి 54 రూపాయలే తీసుకుంటున్నామని, ఆ 46 శాతం ముసలివాళ్లకూ అందుతోందని పార్లమెంటులో రైల్వే మంత్రి అశ్వినీ వైష్ణవ్ గారు చెప్పారు. నిజమే, అందరికీ అందుతోంది. కానీ 2019-20లో కూడా ఆ సబ్సిడీ ఉంది, 59,837 కోట్లని వాళ్లే చెప్పారు. ఆ ఏడు అందరికీ సబ్సిడీ ఇస్తూనే పెద్దవాళ్లకు రాయితీ కూడా ఇచ్చారు కదా! అప్పుడు రెండూ సాధ్యమైనప్పుడు ఇప్పుడు ఒకటే ఎందుకు సాధ్యం? పాతికేళ్ల కుర్రాడికీ, 75 ఏళ్ల అవ్వకూ ఒకేలా ఇచ్చేదాన్ని చూపించి, అవ్వ కోసం విడిగా ఇచ్చినదాన్ని తీసేయడం న్యాయం కాదు.

అందరికీ ఇవ్వలేమంటే దానికీ దారి ఉంది. పార్లమెంటు రైల్వే స్థాయీ సంఘం అన్ని పార్టీల ఎంపీలు ఉన్న సంఘం. రాధామోహన్ సింగ్ గారు, అంటే పాలక పార్టీ ఎంపీయే, దానికి అధ్యక్షుడిగా ఉన్నప్పుడు కనీసం స్లీపర్, థర్డ్ ఏసీ తరగతుల్లోనైనా రాయితీ తిరిగి ఇచ్చే విషయం ఆలోచించమని సిఫారసు చేసింది. అంతకుముందు 2017లో రైల్వేనే ఒక పద్ధతి పెట్టింది: స్తోమత ఉన్నవాళ్లు తమ రాయితీని సగమో మొత్తమో ఇష్టపూర్వకంగా వదులుకోవచ్చు. వదులుకునేవాళ్ల కోసం ఆ గడి మళ్లీ ఫారంలో పెట్టండి. ఉన్నవాళ్లు వదులుకుంటారు, లేనివాళ్లకు దక్కుతుంది.

రాష్ట్రంలో చేసి చూపించారు కూడా. కరోనాలో ఆర్టీసీ బస్సుల్లోనూ 60 దాటినవాళ్ల 25 శాతం రాయితీ ఆగింది. 2022లో తిరిగి ఇచ్చారు. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీయే లేదు. ఎమ్మిగనూరుకు రైలు లేదు. అక్కడి అవ్వ బస్సులో డబ్బు లేకుండా ఆదోని బస్టాండుకు వస్తుంది. అక్కడి నుంచి స్టేషన్‌కు పోయి కౌంటర్ ముందు నిలబడగానే ఆమె వయసుకు విలువ లేకుండా పోతుంది. ఒకే ఊళ్లో, ఒకే పొద్దున, ఒకే అవ్వకు ఈ తేడా!

    మనకు ఇంకో రైల్వే లేదు. అందుకే మనం గట్టిగా అడగాలి.

అడిగితే వస్తుందా అని కొందరు పెదవి విరుస్తారు. వచ్చింది. కరోనా తర్వాత పాసింజర్ రైళ్లకు ఎక్స్‌ప్రెస్ అని పేరు మార్చి, కనీస టికెట్టు 10 రూపాయలున్నదాన్ని 30 చేశారు. దేశమంతా జనం అడుగుతూనే ఉన్నారు. 2024 ఫిబ్రవరిలో మళ్లీ 10కి దించారు. పెద్దవాళ్ల రాయితీ కూడా ఒక్కరోజులో ఆకాశం నుంచి ఊడిపడింది కాదు. 2011-12 రైల్వే బడ్జెట్‌లోనే మగవాళ్లకు 30 ఉన్నది 40 చేశారు, ఆడవాళ్ల వయసు 60 నుంచి 58కి తగ్గించారు. పెంచినదే, కాబట్టి మళ్లీ ఇవ్వగలిగినదే.

ఇప్పుడు మనం చేయాల్సింది.

మొదట, ఒక పోస్టుకార్డు. చిరునామా: రైల్వే మంత్రి గారు, రైల్ భవన్, న్యూఢిల్లీ. పెద్ద పెద్ద మాటలు అక్కర్లేదు. ఇలా రాయండి: “అయ్యా, మాది ఆదోని (ఎమ్మిగనూరు) ప్రాంతం. నా వయసు ఇంత. వైద్యానికి, పిల్లల దగ్గరికి నేను రైల్లోనే పోవాలి. 2020లో ఆపిన పెద్దవాళ్ల రాయితీని ముందుగా సెకండ్ క్లాసు, స్లీపర్, థర్డ్ ఏసీలో తిరిగి ఇవ్వండి.” కింద సంతకమో వేలిముద్రో. చదువురాని అవ్వాతాతలకు కాలేజీ పిల్లలు రాసిపెట్టాలి. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, రైల్లో విద్యార్థుల రాయితీ ఆపలేదు, మీది మీకు ఉంది. మీ తాతది పోయింది. ఒక సాయంత్రం ఆయన పక్కన కూర్చుని ఆ కార్డు రాయండి.

రెండోది మన ప్రతినిధులు. ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, ఆలూరు అన్నీ కర్నూలు లోక్‌సభ స్థానంలోవే. 2024లో గెలిచిన మన ఎంపీ గారి పార్టీ టీడీపీ కేంద్ర ప్రభుత్వంలో భాగస్వామి. ఆదోని ఎమ్మెల్యే గారు కేంద్రంలో ఏలుతున్న బీజేపీ నుంచే గెలిచారు. ఇంత దగ్గరి దారి అన్ని ఊళ్లకూ ఉండదు. లోక్‌సభలో ప్రశ్న వేయమని, 377 నిబంధన కింద ఈ విషయం లేవనెత్తమని ఎంపీ గారిని అడుగుదాం. ఊరికి వచ్చినప్పుడు దండ వేసే చేతుల్లోనే ఈ కాగితం కూడా ఉండాలి. ఇది ఏ పార్టీకీ వ్యతిరేకం కాదు, అన్ని పార్టీల ఇళ్లలోనూ ముసలివాళ్లు ఉన్నారు.

మూడోది కొంచెం ఓపిక కావాల్సిన పని, కానీ దీని బలం ఎక్కువ. రిజర్వేషన్ ఫారంలో వయసు రాస్తాం కాబట్టి, ఆదోని స్టేషన్ నుంచి ఏటా ఎంతమంది పెద్దవాళ్లు టికెట్టు తీసుకున్నారో రైల్వే దగ్గర లెక్క ఉండాలి. గుంతకల్లు డివిజన్ ప్రజా సమాచార అధికారికి తెల్ల కాగితం మీద తెలుగులోనే అడగవచ్చు. 10 రూపాయల పోస్టల్ ఆర్డరు జతచేస్తే చాలు. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు చేసుకోవచ్చు. దేశం లెక్క 8,913 కోట్లు అంటే మన ఊరు లెక్క ఎంతో తెలియాలి. ఆ అంకె చేతిలో ఉంటే ఎంపీ గారికి మాట్లాడటం సులువు, మంత్రి గారికి కాదనడం కష్టం.

పోరాటం సాగుతుండగా, ఇప్పటికీ మిగిలినవాటిని పోగొట్టుకోకండి. దివ్యాంగులకు, కొన్ని జబ్బులవాళ్లకు రాయితీ ఇంకా ఉంది. క్యాన్సర్ రోగికి వైద్యానికి పోయేటప్పుడు, వచ్చేటప్పుడు స్లీపర్, థర్డ్ ఏసీలో మూల ఛార్జీ మొత్తం మాఫీ, తోడు పోయేవాళ్లకు 75 శాతం తగ్గుతుంది. గుండె ఆపరేషన్‌కు, కిడ్నీ డయాలసిస్‌కు పోయేవాళ్లకు స్లీపర్‌లో 75 శాతం. ఆసుపత్రి డాక్టరు దగ్గర రైల్వే ఫారం మీద సంతకం, ముద్ర వేయించుకోవాలి. చాలామందికి తెలియక పూర్తి డబ్బు కడుతున్నారు. అలాగే 60 దాటిన మగవాళ్లకు, 45 దాటిన ఆడవాళ్లకు కింది బెర్తుల కోటా ఉంది. టికెట్టు తీసేటప్పుడు వయసు సరిగ్గా రాయండి.

ఈ కాగితం చదివి పడేయకండి, పక్కింటివాళ్లకు ఇవ్వండి. వెనక వైపు ఖాళీగా వదిలాం. ఇంట్లో ఉన్న 58, 60 దాటినవాళ్లందరి పేర్లు, వయసు, సంతకం దాని మీద రాయించి మీకు ఈ కరపత్రం ఇచ్చినవాళ్లకే తిరిగి ఇవ్వండి. అన్నీ కలిపి కట్ట కట్టి ఒక కట్ట ఎంపీ గారికి, ఒక కట్ట గుంతకల్లులో డివిజనల్ రైల్వే మేనేజరు గారికి చేతికిస్తాం. ఆ రోజు మాతో రాగలిగినవాళ్లు పేరు పక్కన ‘వస్తాను’ అని రాయండి.

ఇట్లు,
ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంత రైలు ప్రయాణికులం